లెవెల్ల కుండలు పెట్టనీకి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? మూడు వాడినంక చెప్తున్న

మేం చేస్తున్న గేమ్‌ల దేవరకొండ ఖిల్లా లెవెల్ (గేమ్‌ల ఒక అంచె) ఉంది, దాంట్ల మొత్తం 43 కుండలున్నయి. ఆ సంఖ్య నాకు ఇంత గట్టిగ ఎట్ల యాదికుందంటే, ఒక రాత్రి ఆ 43 కుండలని ఒక్కొక్కదాన్ని మౌస్‌తోని పట్టి పదహారు పిక్సెల్లు పైకి, పదహారు పిక్సెల్లు కుడికి జరిపిన. తెల్లారి తెలిసింది ఏందంటే అది కోడ్‌ల ఒక్క లైన్ పని అని. మళ్ళ 43 కుండలని ఎనక్కి జరిపిన. ఈ రివ్యూ ఆ కోపంల పుట్టింది, అది మనసుల పెట్టుకొని చదువుండ్రి.

సంగతి ఏందంటే నేను నల్లగొండల ఉంటా, పొద్దుమూకి ఉద్యోగం నుంచి వచ్చినంక రాత్రి తొమ్మిది పదింటికి గేమ్ పని మొదలు పెడత. మా బామ్మర్ది పాలమూరుల ఉంటడు, బొమ్మలన్ని వాడే గీస్తడు, కోడు లెవెల్లు నావి. గేమ్ చిన్నదే, రాత్రిపూట ఒక పిలగాడు ఖిల్లా మీదికి నీళ్ళు మోసుకపోవాలె, నడుమల కావలోళ్ళు తిరుగుతుంటరు, దివిటీలు, కుండలు, మెట్లు, దర్వాజలు. దేవరకొండ ఎందుకంటే చిన్నప్పుడు ఎక్కినం, ఏడు గుట్టల నడుమ ఆ కోటగోడలు చూస్తే ఎవనికైన లెవెల్ డిజైన్ గుర్తుకొస్తది, రేచెర్ల పద్మనాయక రాజులు పాపం మనకోసమే కట్టినట్టు. నా ల్యాప్‌టాప్ ఐత్రీ, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డ్ ఊసే లేదు. గీ లెక్కలన్ని ఆ ల్యాప్‌టాప్ మీదియే, మీ కాడ గేమింగ్ మిషన్ ఉంటే నా మాటల్ల సగం మీకు వర్తించవు.

మొట్టమొదలు ఏ సాఫ్ట్‌వేర్ లేకుండనే చేసిన. కోడ్‌లనే ఒక లిస్ట్, కుండ ఒకటి ఎక్స్ 416 వై 288, కుండ రెండు ఇంకేదో, గట్ల రాసుకుంట పోయిన. రాయాలె, రన్ చెయ్యాలె, చూడాలె, అరె గోడల ఇరుక్కుందే అనుకోవాలె, మళ్ళ రాయాలె. పది వస్తువులదాక నడుస్తది గాని పదిహేను దాటినంక ఏ నంబర్ ఏ కుండదో మనకే తెల్వదు. గేమ్ చేసేటోళ్ళు అందరు ఒకసారి ఇట్ల చేస్తరనుకుంట, చేయనీయుండ్రి, తర్వాత ఎడిటర్, అంటే లెవెల్‌ను కండ్లతోని చూసుకుంట కట్టే సాఫ్ట్‌వేర్, దాని విలువ తెలుస్తది.

తర్వాత టైల్డ్ అనే ఎడిటర్ పట్టుకున్న. ఇది ఫ్రీ, ఓపెన్ సోర్స్, థోర్బ్యోర్న్ లిండైయర్ అనే ఆయన ఏండ్ల సంది చేస్తున్నడు, ఇష్టముంటే పైసలియ్యొచ్చు లేకుంటే లేదు. నా పాత ల్యాప్‌టాప్ మీద కూడ నీళ్ళలెక్క నడుస్తది. టైల్ అంటే గళ్ళల్ల పడే చిన్న బొమ్మ ముక్క, లేయర్ అంటే పొర. టైల్ లేయర్ వేరే, ఆబ్జెక్ట్ లేయర్ వేరే. నేల, గోడలు టైల్ లేయర్ల గళ్ళ ప్రకారం పడతయి, కుండలు దివిటీలు ఆబ్జెక్ట్ లేయర్ల ఎక్కడంటే అక్కడ పెట్టొచ్చు. టీ అక్షరం కొడితే బొమ్మ చేతికొస్తది, క్లిక్ చేస్తే పడ్తది, కంట్రోల్ పట్టుకుంటే గళ్ళకు అతుక్కునుడు ఆన్ ఉంటే ఆఫ్ అయితది ఆఫ్ ఉంటే ఆన్ అయితది. ఎక్స్, వై కొడితే బొమ్మ తిరగబడ్తది, జెడ్ కొడితే గుండ్రంగ తిరుగుతది. గంటల నేర్చుకున్న. ఒక్కొక్క ఆబ్జెక్ట్‌కు మనకు కావాల్సిన ప్రాపర్టీ రాసుకోవచ్చు, ఈ కుండల నీళ్ళు 3, ఈ దివిటీ ఆరిపోయి ఉంది, ఈ కావలాయన అవతలి దర్వాజకు సంబంధించినోడు, గట్ల.

ఇగ కుండల కథ. గేమ్ ఫేజర్ల, అంటే బ్రౌజర్ గేమ్‌లకు వాడే రెడీమేడ్ కోడ్‌ల, చేస్తున్నం అప్పుడు, బ్రౌజర్ల నడవాలె అని. టైల్డ్ నుంచి జేసన్ ఫైల్ (లెవెల్ వివరాలన్ని రాసి ఉండే టెక్స్ట్ ఫైల్) తీసి, నేనే లూప్ రాసి కుండలు పెట్టిన. రన్ చేస్తే కుండలన్ని సగం నేలల కూరుకపోయి, సగం ఎడమకు జరిగి కూసున్నయి. ఎందుకంటే టైల్డ్‌ల మామూలు మ్యాప్‌ల బొమ్మ ఉన్న ఆబ్జెక్ట్‌కు లెక్క దాని కింది ఎడమ మూల నుంచి, అదే ఉట్టి డబ్బా గీస్తే లెక్క పై ఎడమ మూల నుంచి, ఫేజర్ల స్ప్రైట్‌కు, అంటే తెర మీద పెట్టే బొమ్మకు, లెక్క నడిమధ్య నుంచి. ముగ్గురు మూడు దిక్కుల నిలబడి గజం బద్ద పట్టినట్టు. కుండ సైజు 32, సగం అంటే 16, అందుకే పదహారు కిందికి పదహారు పక్కకు. నేనేమో ఎడిటర్ల తప్పు పెట్టిన్నేమో అనుకోని చేత్తో జరిపిన. తర్వాత బామ్మర్దికి ఫోన్ చేసి చెప్తే వాడు ముందుగాల నవ్వి, "బావా, పోనీ అన్నీ ఒక్కసారి సెలెక్ట్ చేసి జరపకపోయినవా" అన్నడు. అది కూడ తట్టలే. స్ప్రైట్ ఆరిజిన్, అంటే లెక్క మొదలయ్యే చోటు, మార్చే ఒక్క లైన్‌తో పోయేది అది, లేదంటే టైల్డ్‌లనే టైల్‌సెట్‌కు (టైల్ బొమ్మలన్ని ఉండే ఫైల్‌కు) ఆబ్జెక్ట్ అలైన్‌మెంట్ అని ఒక సెట్టింగ్ ఉంది, కుండలు పెట్టకముందే అక్కడ మార్చినా అయితది. టైల్డ్ తీసుకునేటోళ్ళు మొదటి కుండ పెట్టంగనే ఒకసారి గేమ్‌ల చూసుకోండ్రి, 43 పెట్టినంక కాదు.

రెండో దెబ్బ టెంప్లేట్లు. మొదట్ల నేను ఒక కుండ పెట్టి, ప్రాపర్టీలు రాసి, కాపీ పేస్ట్ కొట్టుకుంట పోయిన. వారం తర్వాత కుండకు ఇంకొక ప్రాపర్టీ కావాల్సొచ్చింది, పగులుతదా పగలదా అని. అన్నిటికి మళ్ళ పెట్టాలె. అసలైతే ఆబ్జెక్ట్ మీద రైట్ క్లిక్ కొట్టి టెంప్లేట్‌గ సేవ్ చేసుకుంటే, ఆ టెంప్లేట్‌ల ఒక్కసారి మారిస్తే ఆ తీరు పెట్టినయన్ని మారుతయి. అయితే ఫేజర్‌కు బయట ఉన్న టైల్‌సెట్ ఫైల్ పడది, టెంప్లేట్ ఫైల్ అంటే ఏందో దానికి తెల్వదు, అందుకని ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌ల టైల్‌సెట్‌లు లోపట్నే పెట్టు, టెంప్లేట్లు విడగొట్టు అనే రెండు టిక్కులు కొట్టుకోవాలె. ఈ రెండు టిక్కులు తెల్వక ఒక ఆదివారం మొత్తం పోయింది. ఇంట్ల బోటికూర వండిన్రు, సల్లారినంక తిన్న.

గప్పుడు నాకు ఒకటి అర్థమయింది. వీడియోలల్ల అందరు ఏ సాఫ్ట్‌వేర్ల వస్తువు ఎంత జల్ది పెట్టొచ్చో చూపిస్తరు. పెట్టుడు ఏ సాఫ్ట్‌వేర్ల అయినా సులువే. పెట్టినంక మార్చుడే అసలు పని. మనం ఒక కుండను ఒక్కసారి పెడతం, ఇరవైసార్లు జరుపుతం. అందుకని ఇగ ఏ ఎడిటర్ చూసినా నేను అడిగేది ఒక్కటే, అసలు కుండ మారిస్తే పెట్టిన కుండలన్ని మారుతయా, మార్చినంక గేమ్‌ల చూడనీకి ఎన్ని క్లిక్కులు అని.

ఆ లెక్కన ఎల్‌డీటీకే అనే ఎడిటర్ నాకు మస్తు నచ్చింది. ఇది డెడ్ సెల్స్ గేమ్ చేసిన సెబాస్టియన్ బెనార్ చేసిండు, ఇది కూడ ఫ్రీ, 2022ల ఒకటో వర్షన్ వచ్చింది. తెరిచి చూడంగనే తేడా కొడ్తది, టైల్డ్ ముందల కూసుంటే ఆఫీస్ ఫైల్ తెరిచినట్టు ఉంటది, ఇదేమో పిలగాండ్ల బొమ్మల పుస్తకం లెక్క రంగురంగులుంటది. ఇండ్ల ముందుగాల ఎంటిటీ, అంటే లెవెల్ల పెట్టే వస్తువు, ఏందో చెప్పి తర్వాతనే పెట్టాలె. కుండ అనే ఎంటిటీ, దాని సైజు ఇంత, దాని లెక్క ఏ మూల నుంచి అని ముందే అడుగుతది, నా పదహారు పిక్సెల్ల గోస ఇక్కడ పుట్టనే పుట్టదు. నీళ్ళు అనే ఫీల్డ్ పెడితే అది అంకె మాత్రమే, పొరపాటున అక్షరం రాయలేవు. అసలు మజా కావలోళ్ళ కాడ. కావలాయనకు పాయింట్ల ఫీల్డ్ పెట్టి, లెవెల్ మీదనే ఈడ, ఆడ, ఇంకొకాడ అని క్లిక్ కొడితే ఆయన తిరిగే దారి గీత గీసి చూపెడ్తది. టైల్డ్‌ల కూడ గీత ఆబ్జెక్ట్ వేరే గీసి కావలాయనకు జోడించొచ్చు గాని, అక్కడ ఆయనను జరిపితే గీత అక్కడ్నే ఉంటది, గీతను జరిపితే ఆయన అక్కడ్నే ఉంటడు, ఆలుమొగలు అలిగినట్టు.

ఇంకొక చిన్న విషయం, చిన్నదే గాని చేసినాయనకు దండం పెట్టాలె అనిపించింది. ఎంటిటీకి గరిష్ఠంగ ఎన్ని ఉండాలో చెప్పొచ్చు. మా పిలగాడు మొదలుపెట్టే జాగ లెవెల్‌కు ఒక్కటే ఉండాలె గదా, లిమిట్ ఒకటి పెట్టి, రెండోది పెడితే కొత్తది పెట్టకుండ పాతదాన్నే ఇక్కడికి జరుపు అని సెట్ చేసిన. ఇగ ఎక్కడ క్లిక్ కొడితే పిలగాడు అక్కడికొస్తడు. లెవెల్ చివర్ల ఉన్న దర్వాజ టెస్ట్ చేయనీకి ప్రతిసారి మొదట్నుంచి మెట్లన్ని ఎక్కుడు తప్పింది. ఆటో లేయర్లు కూడ బాగుంటయి, గోడ ఎక్కడో చెప్తే అంచులు మూలలు అదే గీసుకుంటది, కాకపోతే ఆ రూల్స్ రాసుడు మొదట్ల దిమాక్ తింటది.

మరి ఎల్‌డీటీకేల ఎందుకు ఆగలే అంటే, మా బామ్మర్ది వల్ల. పానగల్ ఛాయా సోమేశ్వర గుడి లెవెల్ ఒకటి అనుకున్నం, నల్లగొండోళ్ళందరికి తెలిసిందే, గర్భగుడిల పొద్దంత స్తంభం నీడ లింగం మీద నిలబడే ఉంటది, ఆ నీడతోని ఒక పజిల్ చేద్దామని. వాడేమో ఉషారుగ గుడి మొత్తం ఐసోమెట్రిక్‌ల గీసి పంపిండు, ఏటవాలు గళ్ళల్ల, చూస్తే కండ్లు తిప్పుకోబుద్ధి కాదు. ఎల్‌డీటీకేల ఐసోమెట్రిక్ లేదు. చదరపు గళ్ళే. "మళ్ళ గీయరా" అంటే, "బావా, నువ్వే సాఫ్ట్‌వేర్ మార్చు, నీకు అలవాటే గదా" అన్నడు. వాని మాటల న్యాయముంది. టైల్డ్‌ల ఐసోమెట్రిక్ ఉంది, ఆరు మూలల గళ్ళు కూడ ఉన్నయి, గుడి కోసం మళ్ళ టైల్డ్ తెరిచిన. మీ బొమ్మలు ఏ తీరున ఉన్నయో చూసుకోకుండ ఎడిటర్ ఎంచుకోవద్దు, నేను ఉల్టా చేసిన.

రెండు లెవెల్లు రెండు ఎడిటర్లల్ల, రెండిటికి రెండు రకాల కోడ్. ఇది నడవదని తెలిసి ఫేజర్‌ను పక్కకు పెట్టి గోడో అనే గేమ్ ఇంజిన్‌కు, అంటే ఎడిటర్, కోడ్ అన్ని ఒక్కకాడ ఉండే సాఫ్ట్‌వేర్‌కు, వచ్చినం, కొందరు గోడాట్ అంటరు, ఏదన్నా అనుండ్రి. గేమ్ ఇంజిన్ అంటే జీబీలకు జీబీలు దించుకోవాలె అనుకున్న, ఇది జిప్ ఫైల్ వంద ఎంబీ కూడ లేదు, ఇన్‌స్టాల్ లేదు, విప్పి డబుల్ క్లిక్ కొట్టుడే. పూర్తిగ ఫ్రీ, గేమ్ అమ్ముకున్నా ఒక్క రూపాయి అడగరు. ఇండ్ల కుండ అంటే ఒక సీన్, బొమ్మ, తగిలే జాగ, స్క్రిప్ట్ అన్ని దాంట్లనే. దాన్ని లెవెల్లకు లాక్కొచ్చి పెట్టుడు. అసలు కుండ సీన్‌ల మారిస్తే అన్ని కుండలు మారుతయి, ఏదన్న ఒక్క కుండకు నీళ్ళు 5 అని వేరే పెడితే అది మాత్రం అట్లనే ఉంటది. నేను అడిగే ఒక్క ప్రశ్నకు దీని అంత సక్కగ జవాబు చెప్పింది ఇంకోటి లేదు. ఎఫ్6 కొడితే ఇప్పుడు తెరిచి ఉన్న సీన్ నడుస్తది, డీబగ్ మెనూల ఒక టిక్కు కొడితే గేమ్ నడుస్తుండంగనే ఎడిటర్ల కుండ జరిపితే అవతల గేమ్‌ల కూడ జరుగుతది. మొదటిసారి అది చూసి ఇంట్లోళ్ళను పిలిచి చూపించిన, "కుండ జరిగింది, అయితే ఏంది" అన్నరు.

గోడోల కూడ గుంతలు లేవా అంటే ఉన్నయి. కంట్రోల్ డీ కొడితే కాపీ సరిగ్గ అదే జాగల పడ్తది, పైన పైననే, కంటికి ఒకటే కనబడ్తది. బామ్మర్ది టెస్ట్ చేసి, "బావా ఒక్క కుండ ముడితే మూడు కుండల నీళ్ళొస్తున్నయి, ఇదేం మహిమ" అన్నడు. చూస్తే ఒకదాని మీద ఒకటి మూడు. ఆల్ట్ పట్టుకొని రైట్ క్లిక్ కొడితే ఆ జాగల ఉన్నయన్ని లిస్ట్ చూపెడ్తది, గట్ల పట్టుకున్న. అప్పట్నుంచి లెవెల్ మొదలు కాంగనే కుండలు ఎన్నున్నయో లెక్కపెట్టి ప్రింట్ చేసే రెండు లైన్లు రాసిపెట్టిన, 43 రాకపోతే ఎక్కడనో తేడా.

ఇంకోటి, టైల్‌సెట్‌లనే సీన్లు పెట్టి టైల్ లెక్క పెయింట్ చేసుకునే సౌలతు ఉంది, జల్ది అయితది, గాని అట్ల పెట్టిన కుండలకు ఒక్కొక్కదానికి వేరే విలువ ఇయ్యలేము. అన్నీ ఒకే తీరు ఉండే గడ్డి, రాళ్ళు, ముండ్ల కంపలకైతే మంచిది. చెట్ల ఎనక పిలగాడు దాక్కున్నప్పుడు చెట్టు ముందల కనబడాలంటే వై సార్ట్ (తెర మీద కిందికి ఉన్నదాన్ని ముందల చూపే సెట్టింగ్) ఆన్ చేసుకోవాలె, లేకుంటే చింతచెట్టు మీద నిలబడ్డట్టు కనబడ్తడు. ఇక 2024 ఆగస్టుల 4.3 వర్షన్ వచ్చినప్పుడు పాత టైల్‌మ్యాప్ నోడ్ (గోడోల సీన్ కట్టే ముక్కను నోడ్ అంటరు) పక్కకు పెట్టి ఒక్కో లేయర్‌కు ఒక్కో నోడ్ చేసిన్రు, యూట్యూబ్‌ల పాత పాఠాలు చూసేటోళ్ళు ఆగమైతరు, చూసే వీడియో తారీకు చూసుకోండ్రి. పాత ప్రాజెక్ట్‌ను కొత్త తీరుకు మార్చే బటన్ మాత్రం ఇచ్చిన్రు.

ఇద్దరు కలిసి పనిచేసేటోళ్ళకు ఒక ముచ్చట చెప్పాలె. గోడో సీన్ ఫైల్ టెక్స్ట్ ఫైలే, గిట్‌ల (ఫైళ్ళల్ల ఎవరు ఏం మార్చిన్రో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్‌ల) పెట్టుకోవచ్చు, ఏ కుండ ఎక్కడికి జరిగిందో లైన్ లైన్ చూడొచ్చు. గాని టైల్స్ డేటా మొత్తం ఒక్క పొడుగు తోకలెక్క ఉంటది, అది మనిషి చదివేది కాదు. నేను ఈడ కుండలు జరిపి, వాడు పాలమూరుల గోడలు దిద్ది, ఇద్దరం ఒక్క ఫైల్ పంపితే గిట్ లొల్లి పెట్టింది, వాని గోడలు పోవాలె లేకుంటే నా కుండలు పోవాలె. అందుకని ఇప్పుడు గోడలు ఒక సీన్, వస్తువులు ఇంకో సీన్, రెండిటిని కలిపేది మూడో సీన్. ఇట్ల విడగొట్టినంక పంచాయితీ లేదు. ఇది మొదటి రోజే చేసుకోండ్రి.

త్రీడీ సంగతి తక్కువనే చెప్త, ఎందుకంటే తక్కువనే చేసినం. పిల్లలమర్రి లెవెల్ చేద్దామని ఆశ, పాలమూరోళ్ళకు అది చెట్టు కాదు, ఇంటి పెద్దమనిషి, 2018ల చెదలు పడితే కొమ్మలకు సెలైన్ బాటిళ్ళు కట్టి మందు ఎక్కించిన్రు. ఆ ఊడలన్ని ఒక్కొక్కటి చేత్తో పెట్టాలంటే మేం ముసలోళ్ళమైతం. అన్‌రియల్ అనే ఇంజిన్ల బ్రష్‌తోని చెట్లు గడ్డి పూసే టూల్, ఎండ్ కొడితే వస్తువు నేలకు అతుక్కునుడు, అన్ని బ్రహ్మాండమే గాని వాళ్ళే 32 జీబీ ర్యామ్ ఉంటే మంచిదంటరు, నా ల్యాప్‌టాప్‌కు ఆ పేరు కూడ వినిపించొద్దు. యూనిటీ అనే ఇంకో ఇంజిన్ల ప్రీఫ్యాబ్‌లు (గోడో సీన్ల లెక్కటియే) మంచిగుంటయి, వీ పట్టుకొని లాగితే మూలకు మూల అతుకుతది, కోటగోడ ముక్కలు పేర్చనీకి అంతకంటె సుఖం లేదు. గాని 2023 సెప్టెంబర్ల ఇన్‌స్టాల్‌కు ఇన్ని పైసలని ఫీజు ప్రకటించి, మళ్ళ 2024 సెప్టెంబర్ల రద్దు చేసిన్రు, ఆ ఏడాది భయం నాకు ఇంకా పోలే. ట్రెంచ్‌బ్రూమ్ అని క్వేక్ అనే పాత త్రీడీ గేమ్ కాలం తీరు ఎడిటర్ ఉంది, గోడలు గదులు చెక్కనీకి చాన తేలిక, ప్లగిన్‌తోని గోడోలకు తెచ్చుకోవచ్చు, కోట లోపటి సొరంగాలకు పనికొస్తది, ఊడలకు కాదు.

చివరికి పిల్లలమర్రిని గోడోలనే మల్టీమెష్ తోని చేసినం. కొమ్మ మీద ఊడలు చల్లు అంటే చల్లుతది, సైజు తిరుగుడు ఇటు అటు మారుస్తది, నా ల్యాప్‌టాప్ కూడ మోసింది. తంట ఏందంటే అట్ల చల్లిన ఊడలల్ల ఒక్కదాన్ని పట్టి లాగలేము, అన్నీ కలిపి ఒక్క వస్తువే. పిలగాడు పట్టుకొని ఊగే నాలుగు ఊడలు మాత్రం చేత్తో వేరే పెట్టినం. చిన్న చెట్లు కొన్ని బ్లెండర్ అనే త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ల పెట్టి తెచ్చుకున్నం, అక్కడ ఆల్ట్ డీ తోని కాపీ చేస్తే ఒకటి మారిస్తే అన్ని మారుతయి, షిఫ్ట్ డీ తోని చేస్తే వేటికవే, పేరు చివర -col అని తగిలిస్తే గోడో దానికదే తగిలే గోడ కడ్తది.

వస్తువులు చల్లే పెయిడ్ ప్లగిన్ కూడ ఒకటి కొన్న, పేరు చెప్ప, ఇంజిన్ వర్షన్ మారంగనే తెరుచుకునుడు బంద్ చేసింది, మెయిల్ పెడితే నేటిదాక జవాబు లేదు. ఆ పైసలతోని ఎనిమిది జీబీ ర్యామ్ ఎక్కించుకున్నా అయిపోవు.

మరి ఏది తీసుకోవాలె అంటే, ఇంజిన్ మీరే రాసుకుంటున్నరా, ఫేజర్ లాంటిది వాడుతున్నరా, బొమ్మలు చదరపు గళ్ళయేనా, అయితే ఎల్‌డీటీకే, రెండో ఆలోచన వద్దు. ఐసోమెట్రిక్ అయితే టైల్డ్, కుండ మూల లెక్క ముందే చూసుకొని. ఇంజిన్ల చేస్తున్నరంటే బయటి ఎడిటర్ తెచ్చుకోకుండ ఆ ఇంజిన్‌ల ఉన్నదే వాడుండ్రి, నడుమల ఇంపోర్ట్ ప్లగిన్ పెట్టుకుంటే అది అప్‌డేట్ అయ్యేదాక దిక్కులు చూడాలె. నా ల్యాప్‌టాప్‌ల ఇప్పుడు గోడో ఉంది, టైల్డ్ ఇంకా తీసెయ్యలే ఎందుకంటే గుడి లెవెల్ అండ్లనే ఆగి ఉంది. నిన్న రాత్రి ఖిల్లా లెవెల్ రన్ చేస్తే కుండలు 44 అని వచ్చింది. ఇంకా దేవులాడుతున్న.